పట్టికలో నాలుగో గడి

డిసెంబరు ఐదు, గురువారం. ఉదయం ఐదున్నర. మంచు. హాజరైనవారు: తొమ్మిది, పది తరగతుల పిల్లలు ముప్పై ఒక్కరు, అందులో ఆడపిల్లలు పద్దెనిమిది మంది, సోషల్ టీచరమ్మ, లెక్కల సారు, బస్సు డ్రైవరు, నేను. రావలసి రానివారు: ఒకరు, జ్వరం.

ఆ రోజు డైరీ పేజీ ఇలా మొదలవుతుంది. నేను పశువైద్యశాలలో కాంపౌండరుగా చేరి ఆ శాఖలోనే రిటైరయ్యాను. కుప్పంలో ఆరేళ్ళు, పుంగనూరులో పదకొండేళ్ళు, మిగతా సర్వీసంతా మదనపల్లె చుట్టుపక్కల పల్లెల్లో గడిచింది. ఏ ఊళ్ళో ఏ పశువుకు ఏ మందు ఇచ్చాను, అది బతికిందా లేదా అని రాసుకోవడం ఉద్యోగంలో అబ్బిన అలవాటు. ఇప్పుడు మందు ఇవ్వడం లేదు గానీ రాయడం మానలేదు.

మా ఇంటి పైభాగంలో సోషల్ టీచరమ్మ అద్దెకు ఉంటుంది. మదనపల్లెకు దగ్గరలోనే ఒక పల్లె హైస్కూలులో పనిచేస్తుంది. ఒక సాయంత్రం మెట్ల మీద కూర్చుని ఆమె ఈ మాట ఎత్తింది.

"పెద్దయితే ఏమవుతారని పిల్లల్ని అడిగినా సార్. పోలీసు, టీచరు, కలెక్టరు. ముప్పై మందికీ కలిపి మూడే జవాబులు. ఒకడు మాత్రం ఎమ్మెల్యే అన్నాడు. వాడు ఊరికే నవ్వించడానికి."

"వాళ్ళు చూసిన ఉద్యోగాలు అవే కదమ్మా."

"అదే నేననేది. ఏటా హార్స్లీ హిల్స్ తీసుకుపోతాం. చిత్రాన్నం తింటారు, కోతులకు సగం పెడతారు, వస్తారు. ఈసారి కొండ వద్దు. మనుషులు పనిచేస్తుంటే చూపిద్దాం."

ఒకే రోజులో మూడు ఊళ్ళు అనుకున్నాం. పొద్దున మదనపల్లె టమాటా మార్కెట్టు, తరువాత పుంగనూరు పశువైద్యశాల, మధ్యాహ్నం కుప్పం రైల్వేస్టేషను. మదనపల్లె టౌనుకు గానీ పుంగనూరుకు గానీ రైలు రాదు. పిల్లల్లో సగం మంది రైలు ఎక్కలేదు. అనుమతుల కోసం ఉత్తరాలు రాయడం, వాటి వెంట తిరగడం నా వంతు. ఆ పని నాకు ఇష్టం కూడా.

దానితో ఆగి ఉంటే బాగుండేది. నేను ఒక పట్టిక తయారు చేశాను. మొదటి గడిలో వరుస సంఖ్య, రెండో గడిలో పేరు, మూడో గడిలో తరగతి. నాలుగో గడిలో ఇంట్లో చేసే పని. అయిదో గడిలో, ఆ పిల్ల లేక పిల్లవాడు ఎక్కడ ప్రశ్నలు అడగాలి అన్నది. టమాటా పండించే ఇళ్ళ పిల్లలు మార్కెట్టులో, పశువులున్న ఇళ్ళ పిల్లలు ఆసుపత్రిలో, లారీ డ్రైవర్ల, ఆటో డ్రైవర్ల పిల్లలు స్టేషనులో. ఇంటి పని తెలిసిన పిల్లకు ఆ పనిలోనే పై మెట్టు చూపితే ఎక్కడం సులభమని నా లెక్క. టీచరమ్మ పట్టిక చూసి, "ఎంత చక్కగా గీసినారు సార్" అంది. అందరూ ఒక్కసారే అరవకుండా ఉంటారని ఆమెకు సంతోషం.

పదో తరగతిలో ఒక అమ్మాయి ఉంది. పుంగనూరు రోడ్డు నుంచి లోపలికి, మెట్టభూముల్లో ఉన్న చిన్న పల్లె వాళ్ళది. గొర్రెల మంద తప్ప వేరే ఆధారం లేని ఇల్లు. వాళ్ళ నాయన నాకు ముప్పై ఏళ్ళుగా తెలుసు. ఒక ఏడు పారుడు రోగం వచ్చి చుట్టుపక్కల మందలు ఖాళీ అయిపోతుంటే, అంతకు నెల ముందే నేను పట్టుబట్టి సూదులు వేయించిన వాళ్ళ మంద మాత్రం నిలిచింది. ఆనాటి నుంచి అతనికి నా మాట మీద గురి. ఇంట్లో పెళ్ళి ముహూర్తానికి కూడా నన్ను అడిగేవాడు. అది నాకు తెలియదంటే వినేవాడు కాదు.

ప్రయాణానికి వారం ముందు, తల్లిదండ్రుల అంగీకార పత్రం పట్టుకుని ఆయన మా ఇంటికే వచ్చాడు. కాలు ఈడుస్తూ వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. రెండేళ్ళ కిందట రోడ్డు మీద మోటారుసైకిలు గుద్ది మోకాలు దెబ్బతినింది.

"పది అయిపోతానే పాపను మందలోకి తీసుకుందామని ఉండాను సార్. నా కాలు సూస్తాండారు కదా. ఉరకల్లంటే కాదు. ఆ టీచరమ్మేమో ఇంటరు, ఇంటరు అంటాది. ఆమెకేం తెలుసు? మీరు కదా మా మందను సూసిండేది, మమ్మల్ని సూసిండేది. ఆ పొద్దు బస్సులో పాపను బాగా సూడండి. సదువు పనికొస్తాదో లేదో మీరే చెప్పండి. మీరేం చెప్తే అదే."

"అంత పెద్ద మాట నా మీద పెడతావేమప్పా?"

"ఇంకెవురి మీద పెట్టేది సార్?"

సరేనన్నాను. అతడు వెళ్ళాక పట్టిక తీసి చూశాను. ఆ అమ్మాయి వరుసలో నాలుగో గడి: గొర్రెల పెంపకం. అయిదో గడి: పుంగనూరు పశువైద్యశాల. చక్కగా కుదిరిందనుకున్నాను. పశుసంవర్ధకంలో డిప్లొమా ఉంది, ఆ పైన డాక్టరు చదువు ఉంది. దారి నా కళ్ళ ముందు తిన్నగా కనిపించింది.

ఆ గురువారం మేం మార్కెట్టుకు చేరేసరికి వేలం జోరు మీద ఉంది. మండీలో క్రేట్లు వరుసలుగా పేర్చి ఉన్నాయి. వేలం పాడే ఆయన ఒక క్రేటు మీదికెక్కి, ఊపిరి తీసుకోకుండా ధర పాడుతున్నాడు. టమాటా రైతు కొడుకు ఒకడు నేను రాసిచ్చిన ప్రశ్న చేతిలో పట్టుకుని, దాన్ని వదిలేసి సొంత ప్రశ్న వేశాడు.

"అన్నా, రోజూ ఇంత గట్టిగా అరుస్తాండావే, గొంతు పోతే ఎట్ల?"

"నా తమ్ముడుండాడులేప్పా. వాని గొంతు ఇంకా పెద్దది."

"ఇద్దరికీ పోతే?"

"ఇద్దరికీ పోతే నువ్వొస్తువులే. నీది బాగానే ఉండాదే!"

పిల్లలంతా వాణ్ణి పట్టుకుని నవ్వారు. మండీలో లెక్కలు రాసే రైటరు తన పుస్తకం చూపించాడు. గ్రేడింగు చేసే ఆడవాళ్ళు కాయను పట్టుకుని దాని రకం ఎలా చెబుతారో చూపించారు. బెంగుళూరుకు ఏ రకం, చెన్నైకి ఏ రకం పోతుందో ఒక ముసలాయన చెప్పాడు. మార్కెట్టులో టమాటా పండించే పని ఒక్కటీ లేదని, కానీ టమాటా మీద బతికే పనులు పదిహేను ఉన్నాయని టీచరమ్మ పిల్లల చేత లెక్క కట్టించింది. ఆ లెక్క బాగుంది.

గొర్రెల ఇంటి అమ్మాయి ఆ గుంపులో లేదు. వెతికితే గేటు దగ్గర నిలబడి ఉంది. ఖాళీ లారీలు ఒక పక్క నుంచి వస్తుంటే, నిండినవి ఇంకో పక్క నుంచి పోతున్నాయి. మధ్యలో విజిలు నోట్లో పెట్టుకున్న ఒకాయన చేతులు ఊపుతున్నాడు. ఆమె ఆయన్నే చూస్తోంది.

"ఏమ్మా, నిద్ర తీరలేదా?" అన్నాను.

"లేదు తాతా, ఊరికే" అని గుంపులోకి వచ్చేసింది.

డైరీలో ఆమె పేరుకు ఎదురుగా రాసుకున్నాను: మార్కెట్టు, ఆసక్తి లేదు.

పుంగనూరు ఆసుపత్రి నేను పనిచేసిన చోటే. గోడలకు రంగు మారింది, పశువును నిలబెట్టే ఇనుప చట్రం మాత్రం అదే. ఇప్పటి డాక్టరమ్మ వయసులో చిన్నది, నవ్వుతూ మాట్లాడుతుంది. మేం వెళ్ళేసరికి ఒక రైతు దవడ కింద సంచిలా వాపు వచ్చిన గొర్రెను పట్టుకొచ్చి ఉన్నాడు. ఏమై ఉంటుందని డాక్టరమ్మ పిల్లలను అడిగింది. గొంతులో ముల్లు అని ఒకడు, పంటి నొప్పి అని ఇంకొకడు అన్నారు.

నేను ఆ అమ్మాయి భుజం తట్టాను. "నీ వంతమ్మా."

ఆమె ముందుకు వచ్చి, గొర్రె తలను చంకలో ఇరికించుకుని, బొటనవేలితో కంటి కింది రెప్ప లాగి చూసింది. పెదవి తెరిచి పళ్ళు చూసింది. ఇదంతా మనం చెప్పులు వేసుకున్నంత సులువుగా చేసింది.

"కంటి లోపల తెల్లగా పాలిపోయి ఉండాది మేడం. రక్తం లేదు. కార్జం జలగ పట్టింది." తరువాత రైతు వైపు తిరిగి, "నీళ్ళంచున ఉండే పచ్చిక మేపినావా మామా?" అంది.

"అవునమ్మా. కుంట పక్కన" అన్నాడతను, తప్పు ఒప్పుకుంటున్నట్టు.

"ఆడే వస్తాది. నాలుగు పండ్ల గొర్రె, వయసులో ఉండాది. మందు తాపితే తిరుగుకుంటాది."

డాక్టరమ్మ చప్పట్లు కొట్టింది. "నేను చెప్పాల్సిందంతా నువ్వే చెప్పేస్తివి కదే. ఇది నేను మూడో సంవత్సరంలో చదువుకున్నా!" అంది. పిల్లలందరూ కొట్టారు. మార్కెట్టులో ప్రశ్న వేసిన వాడు, "డాక్టరమ్మా, మా కుక్కకు జరం సూస్తావా?" అని అరిచాడు. "ముందు నీకు సూస్తా, రా. నాలిక సాపు" అంది ఆ అమ్మాయి.

నాకు ఆ గదిలో నిలబడి ఉండగా కళ్ళు చెమర్చాయి. బస్సు పలమనేరు దారి పట్టగానే ఆగలేక వాళ్ళ నాయనకు ఫోను చేశాను.

"ఏమప్పా, విను. మీ పాప ఈ రోజు డాక్టరమ్మనే మెప్పించింది. ఆమె కాలేజీలో చదువుకున్నదంతా మీ పాప చదవకుండానే చెప్పేసింది. పుట్టుకతోనే డాక్టరప్పా అది!"

ఆ పక్క గొర్రెల అరుపులు వినిపించాయి. అతడు "అట్లనా సార్" అన్నాడు. "డాక్టరమ్మే అనిందా? చాలు సార్. ఇంక నాకు దిగులు లేదు. మీ మాట కోసమే ఉండాను."

"ఇంక నువ్వు నిమ్మళంగా ఉండు" అన్నాను. ఫోను పెట్టి డైరీలో రాసుకున్నాను: తండ్రి ఒప్పుకున్నాడు. ఏమి ఒప్పుకున్నాడో నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు.

పలమనేరు దాటాక అన్నాలు తిని, కుప్పం చేరేసరికి రెండున్నర. స్టేషన్ మాస్టరు తమిళం కలిసిన తెలుగు మాట్లాడే పెద్దమనిషి. పదిమంది చొప్పున తన గదిలోకి రానిచ్చాడు. గోడకు పెద్ద బోర్డు, దాని మీద స్టేషనులోని పట్టాలన్నీ గీతలుగా ఉన్నాయి. బండి ఉన్న చోట ఎర్రలైట్లు వెలుగుతాయి. అప్పుడే ఒక గూడ్సు బండి పక్క లైనులోకి వచ్చి ఆగింది. వెనక వచ్చే ఎక్స్‌ప్రెస్సుకు దారి ఇవ్వడానికి దాన్ని అక్కడ నిలుపుతామని ఆయన చెప్పాడు.

అక్కడ ప్రశ్నలు అడగవలసినవాడు లారీ డ్రైవరు కొడుకు. వాడు కాగితం చూసుకుంటూ, "సార్, రైలుకు హారన్లు ఎన్ని రకాలు?" అన్నాడు. స్టేషన్ మాస్టరు ఓపికగా చెప్పాడు. వాడు రెండో ప్రశ్న వెతుక్కుంటుండగా వెనక నుంచి గొర్రెల ఇంటి అమ్మాయి గొంతు వచ్చింది.

"సార్, ఆ బండి పక్కకు పూర్తిగా వచ్చేసిందని ఎట్ల తెలుస్తాది? తోక బయట ఉండిపోతే?"

నేను పట్టిక చేతిలో పట్టుకుని ఉన్నాను. "అమ్మా, నీ వంతు పుంగనూరులో అయిపోయింది. వాణ్ణి అడగనీ" అన్నాను.

స్టేషన్ మాస్టరు నా వైపు చెయ్యెత్తాడు. "ఇరుండి సార్, ఇరుండి. ఎవరు అడిగింది? ముందుకు రామ్మా." ఆమె వచ్చి బోర్డు ముందు నిలబడింది. "ఈ ప్రశ్న మాకు ట్రైనింగులో మొదటి వారమే అడుగుతారు. నువ్వు ఎట్లా అడిగినావు?"

"మంద రోడ్డు దాటేటప్పుడు అంతే కదా సార్. ముందర ఒకరు పోతారు, ఎనక ఒకరు నిలబడల్ల. ఆఖరుది దాటేదాకా ఎనకుండే వాళ్ళు కదలకూడదు. అన్నీ దాటినాయనుకుని కదిలితే ఒకటి మిగిలిపోతాది. దాని కోసం మల్లా ఎనక్కి ఉరికితేనే..." అక్కడ ఆగిపోయింది.

దానికోసం వెనక్కి పరుగెత్తినప్పుడే వాళ్ళ నాయనను మోటారుసైకిలు గుద్దింది. ఆనాటి నుంచి వెనక నిలబడే పని ఈ పిల్లదే అయింది. ఆ మాట ఆ గదిలో ఆమె కాక నాకు మాత్రమే తెలుసు.

స్టేషన్ మాస్టరు ఆమెను కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి చూపించాడు. బండి చివరి పెట్టె వెనక ఒక గుర్తు ఉంటుంది, రాత్రి అయితే ఎర్రదీపం ఉంటుంది. బోర్డు మీద లైటు ఎన్ని చెప్పినా, ఆ చివరి గుర్తును ఒక మనిషి కళ్ళతో చూడాలి. చూస్తేనే బండి మొత్తం వచ్చినట్టు, ఆ వెనక లైను ఖాళీ అయినట్టు. ఇంతలో ఎక్స్‌ప్రెస్సు వచ్చింది. పిల్లలు చెవులు మూసుకున్నారు. ఆమె మూసుకోలేదు. పెట్టెలు పోతున్నంతసేపూ తల తిప్పకుండా చూసి, ఆఖరి పెట్టె దాటగానే, "ఆ... ఉండాది సార్, ఉండాది!" అంది.

"గూడ్సు డ్రైవరుకు కోపం రాదా సార్, ఆయప్పను నిలబెట్టి వేరేవాళ్ళను పంపిస్తే?"

"వస్తుందమ్మా. ఫోనులో తిడతాడు. నేను కూడా తిడతాను."

"ఈ పనికి ఏం సదవల్ల సార్?"

"డిగ్రీ. తర్వాత పోటీ పరీక్ష. కళ్ళు బాగుండాలి. అది గట్టిగా చూస్తారు."

"కండ్లకేం సార్. మా గుట్ట మీద ఉండే మేకకు కొమ్ము ఇరిగిందో లేదో కింద నుంచి చెప్తా" అంది. స్టేషన్ మాస్టరు బిగ్గరగా నవ్వాడు. తరువాతి పదిమంది లోపలికి వచ్చారు, వాళ్ళతో పాటు ఆమె మళ్ళీ వచ్చింది. మూడోసారి కూడా వచ్చింది. లెక్కల సారు పట్టుకుంటే, "ఆఖరిసారి సార్" అని బతిమాలింది.

తిరుగు ప్రయాణంలో వి.కోట దగ్గర టీకి ఆగాం. ఆమె బస్సులోనే కూర్చుని ఉంది. పక్కన కూర్చున్నాను. నా మనసులో ఇంకా పుంగనూరే ఉంది.

"డాక్టరు చదువు మీద నీకు ఆసక్తి ఉందని మీ నాయనకు చెప్పానమ్మా" అన్నాను.

ఆమె చప్పున తిరిగింది. "నేనెప్పుడు చెప్పినా తాతా?"

"అంత బాగా చెప్పావు కదా ఆసుపత్రిలో?"

"అడిగినారు కాబట్టి చెప్పినా. గొర్రెలు నాకు తెలుసు తాతా. పుట్టినప్పట్నుంచీ తెలుసు. తెలిసిందాని కోసం అంత పొద్దున్నే లేసి, బస్సెక్కి యాల వస్తాను?" కిటికీ వైపు చూసింది. "ఈ ఒక్కరోజైనా నన్ను వేరేది ఏమైనా అడుగుతారేమో అనుకున్నా. ఈడ కూడా గొర్రెనే పట్టిచ్చినారు."

 పిల్లల పేర్లు రాసిన ఆ పట్టిక నా జేబులో ఉంది. ఆ పిల్లల్లో ఎంతమందిని నేను వాళ్ళ ఇంటి గుమ్మంలోకే మళ్ళీ నెట్టానో అప్పుడు తెలిసింది. టమాటా ఇంటి పిల్లవాడు నేను రాసిచ్చిన ప్రశ్నను ఎందుకు వదిలేశాడో కూడా తెలిసింది. కులవృత్తి మాట నా నోటి నుంచి ఎన్నడూ రాలేదు. నలభై ఏళ్ళు అన్ని ఇళ్ళ కొట్టాల్లోనూ కూర్చున్నవాణ్ణి. అయినా కాగితం మీద గీతలు గీసేటప్పుడు నా చెయ్యి తనంతట తానే ఆ గీతలు గీసింది. తరువాత జరిగిన ప్రయాణాలకు నేను పట్టిక వేయలేదు.

ఇంటికి వచ్చాక ఏడున్నరకు వాళ్ళ నాయనకు ఫోను చేశాను. స్విచాఫ్ అయి ఉంది. ఛార్జింగు అయిపోయి ఉంటుంది, పొద్దున చెబుదాంలే అనుకున్నాను.

మరునాడు శుక్రవారం. తొమ్మిదింపావుకు టీచరమ్మ బడి నుంచి ఫోను చేసింది. 

"సార్, ఆ పాప రాలేదు. వాళ్ళ నాయన ఇప్పుడే ఫోను చేసినాడు. ఇంక పంపించడంట. మీరే చెప్పినారంటున్నాడు!"

"నేనా? నేను చదివించమన్నట్టే చెప్పానమ్మా."

"చదవకుండానే డాక్టరుకు సమానం అన్నారంట కదా? చదవకుండానే అంత తెలిసినప్పుడు ఇంక చదువు దేనికి మేడం అంటున్నాడు. పదో తరగతి పరీక్షలు కూడా ఎందుకంట!"

మోపెడ్ తీశాను. పల్లె చేరేసరికి మంద దొడ్డిలో నుంచి బయటికి వస్తోంది. ఆ అమ్మాయి పాత చీర ముక్క తలకు చుట్టుకుని, కర్ర పట్టుకుని వెనక నిలబడి ఉంది. నన్ను చూసి మొహం తిప్పుకుంది. వాళ్ళ నాయన మాత్రం సంబరంగా ఎదురొచ్చాడు.

"రండి సార్, రండి. ఏమే, సారొచ్చినాడు, టీ పెట్టు!" అని ఇంట్లోకి కేక వేశాడు. "మీ మాటతో నా తలబరువు దిగిపోయింది సార్. రాత్రంతా నిమ్మళంగా నిద్ర పోయినా."

"టీ వద్దు. కూర్చో అప్పా. నేను చెప్పింది తప్పు."

"ఏం తప్పు?"

"నిన్న నేను నీకు చెప్పిన మాట. మీ పాపకు గొర్రెల జబ్బులు తెలుసు, అది నిజం. అది మందలో నేర్చుకున్నది. దాన్ని చూసి నేను పొంగిపోయి, ఆ పాపకు ఏం కావాలో నేనే నిర్ణయించేసి నీకు ఫోను చేశాను. అడగలేదు. నువ్వు నా మాట మీద ఆగి ఉన్నావని తెలిసి కూడా అడగలేదు."

అతడు తలగుడ్డ తీసి మళ్ళీ చుట్టుకున్నాడు. "ముప్పై ఏండ్లలో మీరు తప్పు చెప్పింది ఇదే మొదలు సార్."

"కాదు. నీ నల్లపొట్టేలు ఉండేది, జ్ఞాపకముందా? దానికి నేనిచ్చిన మందు తప్పు. రెండో రోజు వేరే మందు ఇచ్చాను. అది బతికింది కాబట్టి నువ్వు నన్ను అడగలేదు."

 అతడు గట్టిగా నవ్వాడు. "ఓర్నీ! అప్పుడు మీకు కోడి కూడా కోసి పెడితినే సార్!"

"తిన్నాను కూడా" అన్నాను.

గడపలో నిలబడి ఉన్న వాళ్ళ అమ్మ కొంగు అడ్డం పెట్టుకుంది. అమ్మాయి మాత్రం నవ్వలేదు. మంద మెల్లగా దొడ్డి ముందర పరుచుకుంటోంది.

"నన్నడగొద్దు ఇంక. ఆ పాపనే అడుగు" అన్నాను.

అతడు కూతురి వైపు తిరిగాడు. ఎలా అడగాలో తెలియనట్టు కొంచెంసేపు కాలు రుద్దుకున్నాడు. "ఏమ్మా, నీకేం కావల్ల? డాక్టరా?"

"కాదు నాయనా."

"మరి?"

"తెలీదు."

"తెలీదా? తెలీదని చెప్పేదానికి ఇంటరు సదవల్లనా?"

"నిన్న ఒక్కరోజే కదా నాయనా సూసింది. కుప్పంలో స్టేషను సూసినా, అది బాగుండాది. ఇంకా శానా ఉండాయంట, సూడనివి. అన్నీ సూసినంక మందలోకి రమ్మంటే వస్తా. సూడకుండా రమ్మంటే..." కర్ర కొనతో నేల మీద గీసింది. "వస్తా. రాకేం చేస్తా. కానీ నీతో మాట్లాడను."

"సూడండి సార్, బెదిరిస్తాది!"

"మీ పాపే కదప్పా."

"స్టేషనులో ఏముండాదే అంత?"

ఆమె చెప్పింది. బోర్డు, లైట్లు, పక్క లైను, చివరి పెట్టె. మొదట నేల చూసి చెప్పి, తరువాత చేతులు ఊపుతూ చెప్పింది. ఆఖరి పెట్టెను మనిషి కళ్ళతో చూడాలన్న మాట వచ్చినప్పుడు వాళ్ళ నాయన కాలు రుద్దుకోవడం ఆపాడు. ఆ పని చేసేదానికి జీతం ఇస్తారా అని నన్ను అడిగాడు. ఇస్తారన్నాను. "ఊరికే నిలబడి తోక సూసేదానికా?" అన్నాడు. "అది ఊరికే కాదని నీకంటే ఎవరికి తెలుసప్పా?" అన్నాను. 

గడపలో నుంచి వాళ్ళ అమ్మ అంది. "పరీచ్చలు రాయనీ. ఇంటరు కూడా సూద్దాం. మన గొర్రెల్ని నీ తమ్ముని మందలో కలిపితే ఎనక నిలబడేదానికి వాళ్ళ పిల్లోళ్ళుండారు. నువ్వే కదా వానితో మాట్లాడనంటివి, ఆ కంచె గొడవ పెట్టుకుని."

"వాణ్ణి నేను అడగల్లనా?"

"కూతురు నీతో మాట్లాడకపోతే అప్పుడు తెలుస్తాదిలే."

అతడు ఒకసారి మంద వైపు చూశాడు. తరువాత కూతురి చేతిలో కర్ర తీసుకున్నాడు. "పో. గుడ్డలు మార్సుకో. ఇంటరు దాకా. ఆ పైన మల్లా కూర్సుని మాట్లాడదాం" అన్నాడు. నా వైపు తిరిగి, "మీరు ఫోను చేయొద్దు సార్ ఇంక. ఏదున్నా వచ్చి చెప్పండి. ఆ స్టేషను కూడా నేనే ఒకసారి పోయి సూస్తా" అన్నాడు.

"ఈ రోజు మందను ఎవరు దాటిస్తారు?"

"దాటిచ్చను. ఈ పక్కే బీడు నేలలో మేస్తాయి. గడ్డి లేదు, అయినా ఒక పొద్దే కదా."

ఆమె యూనిఫాంలో బయటికి వచ్చేసరికి జడలు సగమే అల్లి ఉన్నాయి. మోపెడ్ వెనక కూర్చుని దారిలో అల్లుకుంది. మేం బడికి చేరేటప్పటికి రెండో పీరియడు సగంలో ఉంది. తలుపు దగ్గర నిలబడింది. లెక్కల సారు బోర్డు మీద రాస్తున్నవాడల్లా ఆగి, మమ్మల్నిద్దరినీ చూసి, ఏమీ అడగకుండా లోపలికి రమ్మన్నాడు.